మూసీ మోసే ఉప్పు

అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ వైపు నయాపుల్ దాటేవాళ్లు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకోవడం హైదరాబాద్ పాతబస్తీలో కొత్తేమీ కాదు. ఈ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, ఆ ఒడ్డున హైకోర్టు, నడుమ నల్లటి నీళ్లు, రాళ్ల దగ్గర తెల్లటి నురగ. నీళ్లలో కుళ్లే పదార్థం పేరుకుందనీ, దాన్ని తినే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌నంతా ఖర్చు చేసేశాయనీ ఆ కంపే చెప్పేస్తుంది. అది చెప్పలేనిది ఒకటుంది: ఆ నీళ్లలో కరిగి ఉన్న ఉప్పు. రంగు లేదు, వాసన లేదు, అడుగున మడ్డిగా దిగదు. మూసీ ప్రక్షాళన మాట వచ్చినప్పుడల్లా మనం కంపు గురించే మాట్లాడుకుంటున్నాం. కంపు నది దిగువకు పోయినకొద్దీ తగ్గుతుంది, ఉప్పు పెరుగుతుంది. ఆ పెరగడంలో నగరానిది ఎంత పాత్రో, నగరం కింద ఉన్న పొలాలదీ అంతే. పొలం నదిని శుభ్రం చేస్తూనే ఉప్పగా ఎలా మారుస్తుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఉప్పు అంటే ఇక్కడ వంటింటి ఉప్పు ఒక్కటే కాదు. సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బనేట్ – నీళ్లలో కరిగి ఉండే లవణాలన్నిటినీ కలిపి అంటున్నాం. ఏ నదికైనా ఇవి కొంత ఉంటాయి. వాన నీరు రాళ్ల మీదుగా, మట్టిలోంచి నడిచి వచ్చేటప్పుడు వాటిని కరిగించి తెస్తుంది. కొండల ఉప్పును సముద్రానికి చేర్చడం నది పనుల్లో ఒకటి. కోట్ల ఏళ్లుగా నదులు ఆ పని చేస్తున్నందుకే సముద్రం ఉప్పగా ఉంది. నది నీళ్లన్నీ దారిలోనే ఖర్చయితే, మోసుకొచ్చిన ఉప్పు కూడా దారిలోనే దిగిపోవాలి.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. సుమారు 240 కిలోమీటర్లు నడిచి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న ఇదే నది పాతబస్తీని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఎగువన రెండు జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్. వరద ఆగింది, నగరానికి తాగునీరు దొరికింది. కానీ జలాశయాల కింద నది మామూలు రోజుల్లో ఎండిపోయింది. ఎండిన ఆ పడకలోకి నగరం తన మురుగును వదిలింది. నగరం పెరిగినకొద్దీ మురుగు పెరిగి, ఎండాకాలంలో ఇసుక తేలే నది పన్నెండు నెలలూ పారేదైంది. ఈరోజు చాదర్‌ఘాట్ కింద ఏప్రిల్‌లో కనిపించే ప్రవాహంలో అనంతగిరి నీళ్లు దాదాపు ఉండవు. అవి మన ఇళ్లలోంచి వచ్చిన నీళ్లే.

మరి ఆ ఇళ్లలోకి నీళ్లు ఎక్కడివి? చాలావరకు మూసీవి కావు. మంజీరా నుంచి, సింగూరు నుంచి వచ్చాయి. 2004 నుంచి నాగార్జునసాగర్ వెనక నుంచి కృష్ణా నీళ్లు మూడు దశల్లో వచ్చాయి. మూడూ కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు కూడా చేరాయి. ఇందులో కృష్ణా నీళ్ల ప్రయాణం చూడండి. సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నగరానికి తెస్తాం. వాడుకుంటాం, మోరీలో వదులుతాం. మోరీ మూసీలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తుంది, ఈసారి సాగర్ డ్యాం కింద. నది నుంచి తీసిన నీళ్లను నదికే తిరిగి ఇస్తున్నాం, బరువు పెంచి.

ఆ బరువు ఎంత? ఒకసారి ఇళ్లలో వాడిన నీటిలో కరిగిన లవణాలు లీటరుకు సుమారు 150 నుంచి 380 మిల్లీగ్రాములు పెరుగుతాయని మురుగునీటి ఇంజనీర్లు లెక్కగడతారు. మనం తిన్న ఉప్పు మూత్రంలో పోతుంది. బట్టల సబ్బులో, పౌడర్‌లో ఎక్కువగా ఉండేది సోడియం లవణాలే. అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రాలకు బస్తాలకొద్దీ ఉప్పు పోస్తారు. వాటిని కడిగిన ఉప్పునీరు నేరుగా డ్రైనేజీలోకే. ఆర్వో యంత్రాలు వదిలేసే నీళ్లూ అంతే. తోళ్లు కుళ్లకుండా ఉప్పు పట్టించే గోదాముల నుంచి, రంగుల అద్దకాల నుంచి వచ్చేది వేరే. ఒక చిన్న లెక్క వేద్దాం. జీహెచ్ఎంసీ పరిధిలో రోజుకు 160 కోట్ల లీటర్లకు పైగా మురుగు వస్తుంది. లీటరుకు 250 మిల్లీగ్రాములే అదనంగా చేరిందనుకున్నా రోజుకు 400 టన్నులు. పది టన్నుల లారీలు నలభై, ప్రతిరోజూ, ఆదివారం కూడా సెలవు లేకుండా మూసీలో ఉప్పు దించి పోతున్నాయన్నమాట.

మురుగు శుద్ధి కేంద్రాలు ఉన్నాయి కదా అనవచ్చు. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల కేంద్రం ఉంది, నాగోల్‌లో 172 మిలియన్ లీటర్లది ఉంది. 2021లో ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త కేంద్రాలు మంజూరు చేసింది. అవన్నీ కావలసినవే; కాకపోతే వాటి పని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవుల చేత తినిపించడం, మడ్డిని దించడం. కరిగిన సోడియాన్ని తినే సూక్ష్మజీవి ఏదీ లేదు. ఆ కేంద్రంలోకి వెళ్లిన ఉప్పు దాదాపు అంతా తేటనీళ్లతో పాటు బయటికి వస్తుంది. ఉప్పు తీయాలంటే సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే రకం యంత్రాలు కావాలి. వాటికి కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. తీసిన చిక్కటి ఉప్పునీటిని పారబోయడానికి హైదరాబాద్‌కు సముద్రం లేదు.

నాగోల్ దాటాక నది పొలాల్లోకి వస్తుంది. పీర్జాదిగూడ, కాచివాని సింగారం, ప్రతాపసింగారం, ఇంకా కిందికి పిల్లాయిపల్లి, భీమలింగం. ఇక్కడ నదికి అడ్డంగా వరసగా కత్వలు ఉన్నాయి. కత్వ అంటే డ్యాం కాదు, నీటిమట్టాన్ని కొంచెం ఎత్తి పక్క కాలువలోకి మళ్లించే రాతికట్టు. పిల్లాయిపల్లి కాలువ, భీమలింగం కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, బునాదిగాని కాలువ అన్నీ ఈ మూసీ నీళ్ల మీదే. ఇంకా కిందికి పోతే సూర్యాపేట దగ్గర, సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు. తెలంగాణలో బోర్లు ఎండిపోయిన ఏళ్లలో కూడా ఈ కాలువల కింద రైతు వానాకాలమూ యాసంగీ రెండు పంటలూ వరి వేశాడు. మోరీ నీళ్లే అతని పంటను నిలబెట్టాయి. ఆ నీళ్లలోని నత్రజని వల్ల యూరియా ఖర్చు కూడా తగ్గింది. వేరే నీళ్లు లేనిచోట ఉన్న నీళ్లతో తిండి పండించిన రైతును ఎవరూ తప్పు పట్టకూడదు.

కత్వలు ఇంకో మేలు కూడా చేస్తున్నాయి. 2000వ దశకంలో అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ, ఐడబ్ల్యుఎంఐ, పరిశోధకులు హైదరాబాద్ కింద సుమారు 40 కిలోమీటర్ల పొడవున నీళ్లను పరీక్షించారు. ప్రతి కత్వ వెనకా నీళ్లు నిలిచి, మడ్డి దిగి, ఎండ తగిలి, కత్వ మీద నుంచి దూకేటప్పుడు గాలి కలిసి నది తనను తాను శుభ్రం చేసుకుంటోంది. కడుపులో పురుగుల గుడ్లు, ఈ.కోలి బ్యాక్టీరియా, కుళ్లే పదార్థం అన్నీ కిందికి పోయినకొద్దీ బాగా తగ్గాయి. ఎవరూ డిజైన్ చేయని శుద్ధి కేంద్రం అది. కరిగిన లవణాలు మాత్రం తగ్గలేదు; కిందికి పోయినకొద్దీ పెరిగాయి. మూసీ సాగులో ఉప్పు పేరుకోవడం మీదే ప్రత్యేకంగా అధ్యయనాలు తర్వాత వచ్చాయి.

ఎందుకు పెరుగుతుంది? పొయ్యి మీద పులుసు మరిగి మరిగి సగానికి వస్తే ఉప్పు ఎక్కువైనట్టు అనిపిస్తుంది కదా, ఉప్పు అంతే ఉన్నా. వరిమడిలో జరిగేది అదే, మంటకు బదులు ఎండ. నీళ్లు నేరుగా ఆవిరవుతాయి, మొక్క వేళ్లతో పీల్చి ఆకుల ద్వారా గాలిలోకి వదులుతుంది. రెండు దారుల్లోనూ పోయేది స్వచ్ఛమైన నీరే. మొక్క తనకు కావలసిన పోషకాలు కొద్దిగా తీసుకుని మిగతా లవణాన్ని వేళ్ల బయటే ఆపేస్తుంది.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. నదిలో వంద బిందెల నీళ్లున్నాయనుకోండి. మొదటి కత్వ సగం, అంటే 50 బిందెలు, కాలువకు మళ్లించింది. పొలంలో 30 ఆవిరయ్యాయి, 20 బిందెలు మట్టిలోంచి ఊటగా, వాగుల వెంట మళ్లీ నదిలో చేరాయి. ఇప్పుడు నదిలో 70 బిందెలు. ఉప్పు మాత్రం వంద బిందెలది. గాఢత దాదాపు ఒకటిన్నర రెట్లు. రెండో కత్వ దగ్గర ఇదే పద్ధతి సాగితే 49 బిందెలు మిగులుతాయి, గాఢత రెండింతలు. మూడో కత్వ దాటేసరికి 34 బిందెలు, గాఢత మూడింతలకు దగ్గర. ఏ రైతూ చిటికెడు ఉప్పు వేయలేదు. నీళ్లు తగ్గాయి, అంతే. నిజమైన నది ఇంత సాఫీగా ఉండదు. వానలు పడి పలచన చేస్తాయి. గ్రానైటు రాళ్లు, ఎరువులు ఇంకొంచెం లవణం కలుపుతాయి. కొంత ఉప్పు నదిలోకి తిరిగి రాక మట్టిలోనే ఉండిపోతుంది. అయినా లెక్క పోయే దిక్కు మారదు.

మట్టిలో ఉండిపోయేది చిన్న మొత్తం కాదు. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణం ఉన్న నీళ్లు ఎకరానికి మీటరు లోతున పారిస్తే – ఒక వరి పంటకు అటూ ఇటుగా అంత పడుతుంది – 40 లక్షల లీటర్లు, అందులో 2.4 టన్నుల లవణం. ఏడాదికి రెండు పంటలైతే దాదాపు ఐదు టన్నులు. దాన్ని వేళ్ల కిందికి కడిగి దించడానికి పంట అవసరం కన్నా ఎక్కువ నీళ్లు పారాలి, ఆ నీళ్లు బయటికి పోవడానికి దారి ఉండాలి. ఆ దారి లేకపోతే భూగర్భజలం పైకి లేస్తుంది. రెండు మీటర్ల లోపుకు వచ్చిందంటే మట్టి సందుల్లోంచి తడి పైకి పాకి, ఆవిరై, ఉప్పును నేల పైన వదిలేస్తుంది.

యాసంగి కోతలయ్యాక, మళ్లు ఆరిన రోజుల్లో, కాలువ దిగువన పల్లపు చేలలో చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. గట్ల అంచుల వెంట, కొయ్యకాళ్ల మొదళ్ల చుట్టూ, పశువుల గిట్టలు దిగిన గుంటల ఒడ్డున సున్నం చల్లినట్టు తెల్లటి పొర. వేలితో గీస్తే పొడిగా లేస్తుంది, నాలుక మీద ఉప్పగా, కొంచెం చేదుగా తగులుతుంది. రైతులు పాలచౌడు అనేది దీన్నే. పక్కనే ఇంకో రకం మచ్చ ఉంటుంది: నల్లగా, జిడ్డుగా, నీళ్లు పోస్తే ఇంకకుండా నిలిచిపోయి, ఎండితే పెంకులా బిగుసుకునేది. అది కారుచౌడు. పాతకాలంలో చాకళ్లు ఉబ్బ పెట్టడానికి తవ్వుకెళ్లింది ఇలాంటి చౌడుమట్టినే. సోడా ఉన్న మట్టి కనుక మురికిని వదిలించేది. బట్టకు పనికొచ్చిన ఆ గుణమే పైరుకు గండం.

పాలచౌడు కారుచౌడుగా ఎలా మారుతుందో తెలిస్తే నది కథ సగం తెలిసినట్టే. నీళ్లు చిక్కబడేటప్పుడు లవణాలన్నీ ఒకేసారి బయటపడవు. ముందు కాల్షియం, బైకార్బనేట్ కలిసి సున్నపురాయిగా మట్టిలో గడ్డ కడతాయి. సోడియం అంత తేలిగ్గా గడ్డ కట్టదు, నీళ్లలోనే ఉండిపోతుంది. అలా చిక్కబడినకొద్దీ నీళ్లలో కాల్షియం వాటా తగ్గి సోడియం వాటా పెరుగుతుంది. బంకమట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచేది కాల్షియం. దాని చోటు సోడియం ఆక్రమిస్తే రేణువులు విడిపోయి, సందులు పూడుకుపోయి, నేల ఊపిరాడనిదవుతుంది. అప్పుడు ఉప్పును కడిగేద్దామన్నా నీళ్లు కిందికి దిగవు. ఎకరాకు టన్నులకొద్దీ జిప్సం వేయమని, జీలుగ వేసి కలియదున్నమని వ్యవసాయ శాఖ చెప్పేది అందుకే; జిప్సంలోని కాల్షియం సోడియాన్ని గెంటేస్తుంది. గెంటేసిన సోడియం ఎక్కడికి పోతుంది? మురుగు కాలువ వెంట మళ్లీ మూసీకే. ఒక పొలం బాగుపడితే దాని ఉప్పు కిందిపొలం వాటాకు వస్తుంది. రైతుకు మంచి సలహా అయినది నదికి పరిష్కారం కాదు, ఈ రెంటినీ మన పథకాలు విడివిడిగా చూడవు.

పైరుకు జరిగేది కూడా చూడాలి. మట్టి తడిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందనీ, అక్కడి నుంచి ప్రతి యూనిట్‌కూ సుమారు 12 శాతం పోతుందనీ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పట్టికలు చెబుతాయి. బార్లీ 8 వరకు తట్టుకుంటుంది. నారు నాటిన మొదటి వారాల్లోనూ, పూత దశలోనూ వరి మరీ సున్నితం. తాలు గింజలు ఎక్కువయ్యాక గానీ రైతుకు నష్టం తెలియదు. నగరం అంచున రైతులు చాలామంది వరి వదిలి పారాగడ్డికి మారారు. ఉప్పునూ, నిలవనీటినీ రెంటినీ ఓర్చుకునే గడ్డి అది. నాటితే ఏళ్ల తరబడి కోత. పచ్చిగడ్డి మోపులు ఆటోల్లో నగరంలోని బర్ల కొట్టాలకు పోతాయి. పాలు తిరిగి మన చాయ్‌లోకి వస్తాయి. గడ్డికి మారడానికి మార్కెట్టూ కారణమే, కూలీల కొరతా కారణమే. కానీ నేల రుచి మారినప్పుడు తట్టుకునే పంట మాత్రమే మిగలడం పాత సంగతి. దక్షిణ మెసొపొటేమియాలో క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ ఇంచుమించు సమానంగా పండేవనీ, క్రీ.పూ. 1700 నాటికి గోధుమ దాదాపు కనిపించకుండా పోయిందనీ, కాలువల సాగుతో పేరుకున్న ఉప్పే కారణమనీ థోర్కిల్ జాకబ్సన్, రాబర్ట్ ఆడమ్స్ 1958లో వాదించారు. తర్వాతి పండితులు కొందరు దాన్ని ఆక్షేపించారు. నాకు ఆ వాదంలో సారం ఉందనే అనిపిస్తుంది, మూసీ కింద గడ్డి మళ్లు చూశాక మరీ.

ఉప్పు సరిహద్దు దాటితే దేశాల తగాదా కూడా అవుతుంది. 1961లో అమెరికాలోని అరిజోనాలో వెల్టన్-మొహాక్ ఆయకట్టు రైతులు పొలాల కింద పేరుకున్న ఉప్పునీళ్లను తోడి పారబోస్తే అది కొలరాడో నదిలో చేరింది. కింద మెక్సికోలోని మెక్సికాలి లోయలో పంటలు దెబ్బతిన్నాయి. పన్నెండేళ్ల గొడవ తర్వాత 1973లో ఎంత ఉప్పు మించకూడదో రెండు దేశాలూ రాసుకున్నాయి. ఆ మాట నిలబెట్టుకోవడానికి యూమాలో అమెరికా ఉప్పు తీసే భారీ కర్మాగారం కట్టి 1992కు పూర్తి చేసింది. దాన్ని ఎక్కువ కాలం నడపనేలేదు. ఆస్ట్రేలియాలో ముర్రే నది వెంట, ఉప్పు ఊట నదిలో చేరకముందే బోర్లతో తోడి దూరంగా ఆవిరి మళ్లకు పంపుతున్నారు. ఇదంతా డబ్బున్న దేశాల కథ.

నల్లగొండకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి గ్రానైటులో ఫ్లోరైడ్ సహజంగా ఎక్కువ. నీళ్లలో కాల్షియం ఉన్నంతవరకు అది ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచుతుంది. కాల్షియం గడ్డకట్టి, సోడియం, బైకార్బనేట్ మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది. ఆ జిల్లా ఫ్లోరోసిస్‌కు మూసీయే కారణం అనడం తప్పు. మూసీకి ఎంతో దూరంలో ఉన్న ఊళ్లలోనూ ఆ బాధ ఉంది. అయితే సాగునీరు భూగర్భజలం రసాయనాన్ని ఆ దిక్కుగా నెట్టగలదు కాబట్టి కాలువల కింద బావుల్లో సోడియం, ఫ్లోరైడ్ రెంటినీ కలిపి చూడాలి.

ఇప్పుడు గోదావరి నీళ్లు తెచ్చి గండిపేటలో పోసి, అక్కడి నుంచి మూసీలో పారించాలన్న పథకం ఉంది. పాతబస్తీ వంతెనల కింద తేటనీళ్లు పారితే సంతోషించని హైదరాబాదీ ఉండడు. పలచన చేయడం వేరు, తీసివేయడం వేరు. కొత్తనీళ్లూ తమ ఉప్పు తాము తెస్తాయి. ఆ నీళ్లు వాడపల్లి దాకా పారితే పాత ఉప్పును కొంత మోసుకుపోతాయి. మొదటి నాలుగు కత్వల దగ్గరే కాలువల్లోకి మళ్లితే ఆయకట్టు పెరుగుతుంది, దానితో పాటు ఆవిరీ, చిక్కదనమూ. నా అభిప్రాయంలో ముందు చేయాల్సింది ఉప్పును మొదట్లోనే తగ్గించడం: సాఫ్ట్‌నర్ల ఉప్పునీటికి, తోళ్ల గోదాములకు, అద్దకాలకు విడిగా లెక్కా కట్టడీ పెట్టడం. రెండోది, ప్రతి కత్వ దగ్గరా విద్యుత్ వాహకత కొలిచి ఆ అంకెను ఊరి పంచాయతీ బోర్డు మీద రాయడం. చేతిలో పట్టే మీటరుతో నిమిషంలో అయ్యే పని అది. ఏ నెలలో నారుమడికి కాలువ నీళ్లు పెట్టాలో, ఏ నెలలో బావి నీళ్లు కలపాలో రైతే నిర్ణయించుకోగలడు. వరద వచ్చినప్పుడు కత్వల తూములు మూసి నదిని కడుక్కోనివ్వడం మూడోది.

వాడపల్లి తర్వాత ఈ ఉప్పు పులిచింతలలో చేరుతుంది, అక్కడి నుంచి ప్రకాశం బరాజ్‌కు, డెల్టా కాలువలకు. కరువు ఏళ్లలో బరాజ్ దాటి సముద్రానికి పోయే కృష్ణా నీళ్లు నామమాత్రం. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చి, 1976లో ఖరారు చేసింది. 75 శాతం విశ్వసనీయతతో నదిలో 2,060 టీఎంసీలున్నాయని తేల్చింది. సాగు పెరిగాక పొలాల నుంచి నదికి తిరిగివచ్చే ఊటనీళ్లు 70 టీఎంసీలుంటాయని వాటినీ కలిపి 2,130గా మూడు రాష్ట్రాలకూ పంచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన 811లో 11 టీఎంసీలు అలాంటి తిరుగునీళ్లే. పొలంలో సగానికి పైగా ఆవిరైపోగా మిగిలిన ఆ చిక్కటి నీటిని కొండ మీద నుంచి దిగిన మొదటి నీటితో సమానంగా, టీఎంసీకి టీఎంసీగా లెక్కపెట్టారు. ఆ నీళ్లు మోసుకొచ్చే ఉప్పు ఏ రాష్ట్రం వాటాలోకి వస్తుందన్న పద్దు ఆ పంపకంలో లేదు.